గ్రోత్, ఐడీసీడబ్ల్యూ: ఒకే ఫండ్‌లో ఈ రెండింటికీ అసలు తేడా ఎక్కడుంది?

మ్యూచువల్ ఫండ్ దరఖాస్తులో పథకం పేరు పక్కనే చిన్న గడి ఒకటి ఉంటుంది: గ్రోత్, లేదా ఐడీసీడబ్ల్యూ (ఇదివరకటి డివిడెండ్ ఆప్షన్). చాలామంది ఆ గడిని ఏజెంటుకే వదిలేస్తారు. అందులో ఏది టిక్కు పెట్టినా ఫండ్ కొనే షేర్లు మారవు, మేనేజరు మారడు, ఫండ్ ఖర్చు మారదు. మారేవి రెండే. డబ్బు ఎప్పుడు బయటికి రావాలో ఎవరు నిర్ణయిస్తారన్నది ఒకటి. వచ్చిన డబ్బులో ఎంత భాగం మీద పన్ను పడుతుందన్నది రెండోది.

శ్రీకాకుళంలో రిటైరైన మాస్టారికీ, పలాసలో జీడిపప్పు వ్యాపారికీ, సోంపేట నుంచి దుబాయ్ వెళ్ళిన కుర్రాడికీ దీని మీద ఒకే మాట వినబడుతుంటుంది: ‘నెలనెలా డివిడెండ్ వస్తాది, అసలు అలాగే ఉంటాది.’ ఇందులో మొదటి సగానికి హామీ లేదు. రెండో సగం తప్పు. ఎందుకు తప్పో ముందు లెక్కలో చూద్దాం. పన్ను సంగతి ఆ తర్వాత. అక్కడ ముగ్గురికీ మూడు జవాబులొస్తాయి.

ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరపు రేట్లతో, కొత్త పన్ను విధానంలో వేసినవి.

గడిలో ఉన్న పేర్లు

గ్రోత్‌లో ఫండ్ సంపాదించిన లాభం ఫండ్‌లోనే ఉండిపోతుంది. యూనిట్ల సంఖ్య మారదు, ఒక్కో యూనిట్ ధర, అంటే ఎన్‌ఏవీ, పెరుగుతుంది లేదా తగ్గుతుంది. డబ్బు కావాలంటే యూనిట్లు మీరే అమ్ముకోవాలి.

ఐడీసీడబ్ల్యూలో ఫండ్ అప్పుడప్పుడు యూనిట్‌కు ఇంత అని పంచుతుంది. దీన్ని ఇదివరకు డివిడెండ్ ఆప్షన్ అనేవారు. 2020 అక్టోబరు 5న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ సర్క్యులర్ ఇచ్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి ‘ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్’ అని పేరు మార్పించింది. పంచే సొమ్ములో మీరు పెట్టిన అసలు కూడా కలిసి ఉండొచ్చని కొనేవాడికి ముందే తెలియాలన్నది దాని ఉద్దేశం. ఏజెంట్లు మాత్రం ఇప్పటికీ డివిడెండ్ అనే అంటారు, కొనేవాళ్ళూ అలాగే అంటారు.

ఇందులో మళ్ళీ మూడు రకాలు. పంచిన డబ్బు బ్యాంకులో పడితే పేఅవుట్. అదే ఫండ్‌లో కొత్త యూనిట్లు కొంటే రీఇన్వెస్ట్‌మెంట్. అదే ఫండ్ హౌస్‌లోని వేరే పథకానికి పోతే ట్రాన్స్‌ఫర్.

డైరెక్ట్, రెగ్యులర్ అన్నవి వీటితో కలవని వేరే జంట. ఏజెంటుకి కమీషన్ పోతుందా లేదా అన్నదే అక్కడి తేడా. రెగ్యులర్‌లోనూ గ్రోత్ ఉంటుంది, డైరెక్ట్‌లోనూ ఐడీసీడబ్ల్యూ ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో పథకం పేరు చివరి దాకా చదివితేగానీ మీదేదో తెలియదు.

కౌలు గింజలు కావు, గాదెలోంచి తీసిన గింజలు

డివిడెండ్ అనగానే మన మనసులో మెదిలేది కౌలు. పొలం పొలంగానే ఉంటుంది, ఏటా గింజలు ఇంటికొస్తాయి. ఐడీసీడబ్ల్యూ అలాంటిది కాదు. గాదెలోంచి రెండు కుంచాలు వంటింట్లోకి తెచ్చుకుంటే గాదెలో రెండు కుంచాలు తగ్గుతాయి. ఇంట్లో ఉన్న మొత్తం ధాన్యం పెరగదు.

లెక్క చూడండి. ఎన్‌ఏవీ రూ.50 ఉన్నప్పుడు రూ.5,00,000 పెట్టారు. 0.005 శాతం స్టాంపు డ్యూటీ కింద రూ.25 పోతుంది. దాన్ని పక్కన పెడితే 10,000 యూనిట్లు వస్తాయి. ఏడాది దాటేసరికి ఎన్‌ఏవీ రూ.56 అయింది.

గ్రోత్‌లో ఉన్నవాడి చేతిలో 10,000 యూనిట్లు × 56, అంటే రూ.5,60,000.

ఐడీసీడబ్ల్యూలో ఉన్నవాడికి ఫండ్ యూనిట్‌కు రూ.4 ప్రకటించింది. రూ.40,000 అతనిది. కానీ పంచిన వెంటనే ఎన్‌ఏవీ 56 నుంచి 52కి దిగుతుంది. మిగిలిన విలువ రూ.5,20,000. రెండూ కలిపితే మళ్ళీ రూ.5,60,000 దగ్గరే తేలుతుంది. ఇది పన్నుకు ముందు లెక్క.

ఇదే ఫండ్‌ను ఏజెంటు ‘40 శాతం డివిడెండ్ ఇచ్చింది’ అంటే అబద్ధం చెప్పినట్టు కాదు, నిజం చెప్పినట్టూ కాదు. యూనిట్ ముఖవిలువ రూ.10. దానిమీద 4 రూపాయలు అంటే 40 శాతమే. మీరు పెట్టింది మాత్రం యూనిట్‌కు రూ.50. పంచేనాటి విలువ రూ.56. దానిమీద చూస్తే 7.14 శాతం, అది కూడా మీ గాదెలోంచి తీసిందే. శాతం ఎవరు చెప్పినా దేనిమీద శాతమో అడగాలి.

ఇంకో పొరపాటు: అదే పథకంలో గ్రోత్ ఎన్‌ఏవీ పెద్దదిగా, ఐడీసీడబ్ల్యూ ఎన్‌ఏవీ చిన్నదిగా కనబడుతుంది. అందుకని రెండోది చవక అనుకుని కొనేవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి పంచుతూ వచ్చింది కాబట్టి అది చిన్నది, అంతే. లోపల ఉన్న షేర్లు అవే.

పంపకం ప్రకటించాక రికార్డు తేదీకి (ఆ రోజుకి యూనిట్లు ఉన్నవాళ్ళకే పంపకం) ముందు హడావుడిగా కొనడమూ ఇలాంటిదే. రూ.56 పెట్టి కొంటారు, నాలుగు రూపాయలు వెనక్కొస్తాయి, చేతిలో రూ.52 విలువ మిగులుతుంది, ఆ నాలుగు రూపాయల మీద పన్ను మీదే.

పంచే డబ్బు ఎక్కడినుంచి వస్తుంది

అమ్మని షేర్ల మీద కాగితం లాభాన్ని ఫండ్ పంచకూడదు. అమ్మి సంపాదించినదే పంచాలి. అసలు పంచాలా, ఎంత పంచాలి అన్నది ఫండ్‌ను మదుపరుల తరఫున చూసే ట్రస్టీల ఇష్టం. పథకం పేరులో ‘మంత్లీ ఐడీసీడబ్ల్యూ’ అని రాసి ఉన్నా ప్రతినెలా వస్తుందన్న హామీ లేదు. ప్రకటిస్తే రికార్డు తేదీ నుంచి 7 పనిదినాల్లో చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి.

ఇందులో ఎవరూ చెప్పని సంగతి ఈక్వలైజేషన్ రిజర్వ్. మీరు రూ.50కి యూనిట్ కొన్నప్పుడు అందులో రూ.10 ముఖవిలువ. మిగతా 40లో ఫండ్ అప్పటికే అమ్మి సంపాదించిన లాభాల వాటా కొంత కలిసి ఉంటుంది. ఆ వాటాను ఈ రిజర్వ్‌లో వేస్తారు, పంపకానికి వాడుకోవచ్చు. అంటే పోయిన నెల మీరు పెట్టిన సొమ్ములో ఒక ముక్క ఈ నెల మీకే డివిడెండుగా తిరిగి రావచ్చు. అలా వచ్చినదాంట్లో ఆదాయం ఎంత, అసలు ఎంత అన్నది కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్‌లో విడిగా చూపించాలని 2020 సర్క్యులర్‌లోనే సెబీ పెట్టింది. పన్నుకు మాత్రం ఆ విభజన అక్కరకు రాదు. మొత్తం సొమ్మూ ఆదాయమే.

పలాస వ్యాపారి లెక్క: మొత్తం మీద పన్నా, లాభం మీద పన్నా

2020 మార్చి దాకా డివిడెండ్ మీద పన్ను ఫండే కట్టి మిగతాది ఇచ్చేది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు వచ్చినదంతా మీ ఆదాయంలో కలిసి మీ శ్లాబు రేటున పన్ను పడుతుంది. ఒక ఫండ్ హౌస్ నుంచి ఏడాదిలో రూ.10,000 దాటితే 10 శాతం టీడీఎస్ ముందే కోస్తారు. ఈ పరిమితి 2025 ఏప్రిల్‌కి ముందు రూ.5,000 ఉండేది.

ఏడాదికి రూ.24 లక్షలు దాటిన ఆదాయంతో 30 శాతం శ్లాబులో ఉన్న జీడిపప్పు వ్యాపారిని తీసుకోండి. పై ఉదాహరణలోని రూ.40,000 ఐడీసీడబ్ల్యూగా వస్తే పన్ను, దానిమీద అదనంగా పడే సెస్ కలిపి 31.2 శాతం. రూ.12,480 పోతుంది.

అదే అతను గ్రోత్‌లో ఉండి రూ.40,000 కోసం యూనిట్లు అమ్మాడనుకోండి. రూ.56 చొప్పున 714.286 యూనిట్లు పోతాయి. వాటిని కొన్న ధర రూ.35,714. లాభం రూ.4,286 మాత్రమే. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌ను 12 నెలలు దాటి ఉంచుకుంటే దీర్ఘకాలిక లాభంలో ఏటా రూ.1.25 లక్షల దాకా పన్ను లేదు, పైదానిమీద 12.5 శాతం. కాబట్టి అతనికి ఇప్పుడు పన్ను సున్నా. ఏడాది నిండకముందే అమ్మి ఉంటే 20 శాతం, సెస్‌తో కలిపి రూ.891.

12,480 ఒకవైపు, సున్నా ఒకవైపు. ఇక్కడితో లెక్క ఆపేస్తే అది ప్రచారం అవుతుంది. గ్రోత్‌వాడి దగ్గర మిగిలిన యూనిట్లలో ఇంకా రూ.55,714 లాభం దాగి ఉంది. ఐడీసీడబ్ల్యూవాడి యూనిట్లలో రూ.20,000 మాత్రమే. తేడా రూ.35,714. అతని లాభాలు ఎప్పుడో ఒక ఏడాది రూ.1.25 లక్షలు దాటాయనుకున్నా దానిమీద పడేది సెస్‌తో రూ.4,643. పన్ను పూర్తిగా మాఫీ కాలేదు. వాయిదా పడింది, 31.2 శాతం రేటు నుంచి 13 శాతం రేటుకి మారింది. పెద్ద శ్లాబులో ఉన్నవాళ్ళకి ఈక్విటీ ఫండ్‌లో గ్రోత్‌ను కాదనడానికి పన్ను వైపు నుంచి నాకు కారణం కనబడదు.

మాస్టారి లెక్క: ఇక్కడ పన్ను వాదన చల్లారిపోతుంది

శ్రీకాకుళంలో మాస్టారి పెన్షన్ నెలకు రూ.45,000. ఏడాదికి రూ.5,40,000. స్టాండర్డ్ డిడక్షన్ రూ.75,000 తీసేస్తే రూ.4,65,000. దానికి ఐడీసీడబ్ల్యూ రూ.40,000 కలిపితే రూ.5,05,000. కొత్త విధానంలో రూ.12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. టీడీఎస్ కింద కోసిన రూ.4,000 రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అరవై నిండితే కోత పడకుండా 15హెచ్ ఫారం ముందే ఇచ్చుకోవచ్చు.

ఆయనే గ్రోత్‌లో ఉండి ఏదో ఖర్చుకి ఒకేసారి పెద్ద మొత్తం తీసి, రూ.2,00,000 దీర్ఘకాలిక లాభం చూపించాల్సి వచ్చిందనుకోండి. 1.25 లక్షలు పోగా మిగిలిన రూ.75,000 మీద 12.5 శాతం, సెస్‌తో కలిపి రూ.9,750 కట్టాలి. ప్రత్యేక రేటున పడే ఈ పన్నుకి ఆ రిబేటు వర్తించదు. మొత్తం ఆదాయం 12 లక్షల లోపే కదా అన్న వాదన నిలవదు.

చిన్న శ్లాబువాళ్ళకి ఇలా ఒక్కోసారి లెక్క తిరగబడుతుంది. ఏటా కొంచెం కొంచెంగా, లాభం 1.25 లక్షలు దాటకుండా తీసుకుంటే రెండు దారుల్లోనూ పన్ను సున్నాయే. అప్పుడు మిగిలే ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు, ఎంత తీసుకోవాలో ఆయన నిర్ణయిస్తారా, ట్రస్టీలు నిర్ణయిస్తారా?

నెలనెలా డబ్బు కావాలంటే

గ్రోత్‌లో ఉంటూనే నెలకు ఇంత అని తీసుకునే ఏర్పాటు ఎస్‌డబ్ల్యూపీ (సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్). ఫారంలో మొత్తం, తేదీ రాసిస్తే ప్రతినెలా అన్ని రూపాయలకు సరిపడా యూనిట్లు అమ్మి బ్యాంకులో వేస్తారు. ముందు కొన్న యూనిట్లు ముందు పోతాయి. చాలా ఈక్విటీ ఫండ్లలో మొదటి ఏడాది 1 శాతం దాకా ఎగ్జిట్ లోడ్, అంటే త్వరగా అమ్మితే కోసే రుసుము, ఉంటుంది కాబట్టి డబ్బు పెట్టిన మర్నెల నుంచే మొదలెడితే ఆ కోత కూడా పడుతుంది.

ఎస్‌డబ్ల్యూపీని గ్రోత్ పక్షంవాళ్ళు అన్నిటికీ మందులా చెబుతారు. దాని ప్రమాదం సరిగ్గా ఇక్కడుంది. రూ.20 లక్షలు, ఎన్‌ఏవీ 100, యూనిట్లు 20,000. నెలకు రూ.15,000 అంటే 150 యూనిట్లు. 2020 జనవరి గరిష్ఠం నుంచి మార్చి 23కల్లా నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. ఫండ్ కూడా అంతే పడి ఎన్‌ఏవీ 62కి వచ్చిందనుకుంటే, అదే రూ.15,000కి 242 యూనిట్లు పోతాయి. ఆ ఏడాది నవంబరుకల్లా నిఫ్టీ మళ్ళీ పాత గరిష్ఠం దాటింది. చవగ్గా అమ్మేసిన యూనిట్లు మాత్రం తిరిగిరావు.

ఐడీసీడబ్ల్యూ పక్షం బలమూ ఇక్కడే. మార్కెట్ పడినప్పుడు పంచడానికి మిగులు తగ్గితే ట్రస్టీలు పంపకం తగ్గిస్తారు, ఆపేస్తారు, యూనిట్లు అలాగే ఉంటాయి. కానీ ఆ నెల కరెంటు బిల్లు ఆగదు కదా.

అసలు చిక్కు ఏమిటంటే, నెలనెలా ఖాయంగా కావాల్సిన డబ్బును ఈక్విటీ ఫండ్ నుంచి ఆశించడం. దానికి పోస్టాఫీసు ఉంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 2025-26లో 8.2 శాతం: రూ.20 లక్షలకు మూడు నెలలకోసారి రూ.41,000. మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో 7.4 శాతం: ఒక్కరి పేరిట గరిష్ఠం రూ.9 లక్షలు పెడితే నెలకు రూ.5,550. అక్కడ అసలు నిజంగానే అలాగే ఉంటుంది, వడ్డీ మీద పన్ను ఉంటుంది. ఏజెంటు ఐడీసీడబ్ల్యూ గురించి చెప్పే మాట నిజానికి ఈ పథకాలకు సరిపోయేది.

రీఇన్వెస్ట్‌మెంట్: చేతికి రాని డబ్బు మీద పన్ను

మూడు రకాల్లో ఎవరికీ ఉపయోగం లేనిది ఇదేనని నా అభిప్రాయం. డబ్బు కనబడదు, పన్ను మాత్రం పడుతుంది. టీడీఎస్ కోసి మిగిలినదానితోనే యూనిట్లు కొంటారు, ఆ కొనుగోలుకి మళ్ళీ స్టాంపు డ్యూటీ. కొత్త యూనిట్లకి 12 నెలల గడువు కొత్తగా మొదలవుతుంది. ‘నాకేం రాలేదే’ అనుకుని రిటర్న్‌లో చూపించనివాళ్ళకి, ఆదాయపు పన్ను శాఖ వార్షిక సమాచార నివేదికలో ఆ మొత్తం ప్రత్యక్షమవుతుంది.

ఇరవై ఏళ్ళలో తేడా ఎంతో చూడటానికి రూ.1,00,000 మీద ఏటా 10 శాతం పెరుగుదల అనుకుందాం. ఇది ఊహ, హామీ కాదు. గ్రోత్‌లో అది రూ.6,72,750 అవుతుంది. అంతా ఒకే ఏడాది తీసేసి పన్ను కట్టినా సుమారు రూ.6,14,500 మిగులుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవాడు, ఏటా ఆ లాభమంతా పంచి తిరిగి పెట్టే రీఇన్వెస్ట్‌మెంట్‌లో ఉంటే ఆ లాభంలో ఏటా 20.8 శాతం పన్నుకి కారిపోయి, చివరికి సుమారు రూ.4,59,000 దగ్గర తేలతాడు.

పన్ను ఆదా చేసే ఈఎల్‌ఎస్‌ఎస్ ఫండ్లలో ఇది ఇంకా ముదిరింది. రీఇన్వెస్ట్ అయిన ప్రతి ముక్కకీ మళ్ళీ మూడేళ్ళ లాక్-ఇన్ పడటంతో పూర్తిగా బయటపడటమే కుదిరేది కాదు. అందుకే చాలా ఫండ్ హౌస్‌లు అక్కడ ఆ సదుపాయం తీసేశాయి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి, డెట్ ఫండ్లకి

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి బయటి దేశాలకు వెళ్ళి ఎన్ఆర్ఐ హోదాలో ఉన్నవాళ్ళకి ఐడీసీడబ్ల్యూ మీద టీడీఎస్ మామూలుగా 20 శాతం, పైన సెస్. రూ.10,000 పరిమితి వారికి లేదు, మొదటి రూపాయి నుంచే కోత. 15హెచ్ లాంటివి ఇవ్వలేరు, 12 లక్షల రిబేటు కూడా రాదు. గ్రోత్‌లో అమ్మినప్పుడు కూడా వారికి టీడీఎస్ ఉంటుంది గానీ లాభం మీదే.

బాండ్లలో పెట్టే డెట్ ఫండ్లలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్నవాటికి ఎన్నేళ్ళు ఉంచినా లాభం మీద శ్లాబు రేటే. గ్రోత్‌కి ఉన్న తక్కువ రేటు లాభం అక్కడ లేదు. అమ్మేదాకా పన్ను వాయిదా, అమ్మినా లాభం భాగం మీదే పన్ను అన్న రెండు మేళ్ళు మాత్రం మిగిలే ఉన్నాయి.

ఐడీసీడబ్ల్యూ నుంచి గ్రోత్‌కి మారితే

ఒకే పథకంలో ఒక గడి నుంచి ఇంకో గడికి మారడమే కదా అనిపిస్తుంది. పన్ను చట్టం దాన్ని అమ్మకం, కొత్త కొనుగోలు కింద చూస్తుంది. 12 నెలల గడువు కొత్త యూనిట్లకి మళ్ళీ మొదలు. ఎగ్జిట్ లోడ్ ఉందో లేదో పథకం పత్రంలో చూసుకోవాలి.

రూ.5,00,000 పెట్టిన ఐడీసీడబ్ల్యూ యూనిట్లు ఇప్పుడు రూ.6,80,000 అయ్యాయి, అన్నీ ఏడాది దాటినవే అనుకోండి. ఒక్కసారే మారిస్తే లాభం రూ.1,80,000. అందులో రూ.55,000 మీద పన్ను, సెస్‌తో రూ.7,150. సగం మార్చి 31లోపు, సగం ఏప్రిల్ 1 తర్వాత మారిస్తే, ఏప్రిల్‌కి ధర పెద్దగా కదలకపోతే, ఒక్కో ఏడాది లాభం రూ.90,000. వేరే ఈక్విటీ లాభాలు లేకపోతే రెండేళ్ళూ సున్నా. మారే దరఖాస్తు (స్విచ్) మార్చి నెల ఆఖరి రోజు పెడితే ఏ తేదీ ఎన్‌ఏవీ పడుతుందో చెప్పలేం, నాలుగైదు పనిదినాలు ముందే పెట్టుకోవాలి.

పేఅవుట్‌లోనే ఉండిపోయేవాళ్ళు ఒకసారి ఫోలియోలోని, అంటే ఫండ్ ఖాతాలోని, బ్యాంకు వివరాలు చూసుకోవాలి. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. శ్రీకాకుళం జిల్లాలో పనిచేసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ శాఖలు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోకి వెళ్ళాయి. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉన్న ఫోలియోకి పంపిన డబ్బు వెనక్కి తిరిగి, క్లెయిమ్ చేయని సొమ్ము కింద పడి ఉండొచ్చు. మూడేళ్ళలోపు అడిగితే దానిమీద వచ్చిన రాబడితో సహా ఇస్తారు. ఆ తర్వాత అడిగితే అసలుతో పాటు మూడో ఏడాది చివరి దాకా వచ్చిన రాబడే ఇస్తారు. క్యాన్సిల్ చేసిన కొత్త చెక్కు, పాన్ నకలు, బ్యాంకు మార్పు ఫారం ఇస్తే సరిపోతుంది. పాన్ ఆధార్‌తో లింకు కాకపోతే టీడీఎస్ 10 బదులు 20 శాతం కోస్తారు, అది కూడా అప్పుడే చూసుకుంటే మేలు.